పేరు చెప్పని పీపీ కాల్

విమలక్క నిన్న సాయంత్రం 5.40కి చనిపోయింది. నాంపల్లిలో, సొంత ఇంట్లో, నిద్రలో.

ఆరింటికి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "మామా, అమ్మ పోయింది" అంది.

ఎన్నింటికి అని అడిగాను. చెప్పింది. మళ్ళీ అడిగాను.

రిపోర్టర్ అలవాటు అనుకుని మళ్ళీ చెప్పింది. నిజానికి మొదటిసారి నాకు వినపడలేదు.

మొన్న ఆదివారమే వీడియో కాల్‌లో మాట్లాడుకున్నాం. "గీ ఫోన్ల మొకం గూడ కనవడుతది, పేరడిగే పనే లేదు" అని నవ్వింది.

ఈ వాట్సాప్ గ్రూప్‌లో చిన్నవాళ్ళకు ఆమె నాంపల్లి అమ్మమ్మ. నాకు ట్రంక్ ఆపరేటర్.

1955లో ఆమె అబిడ్స్‌లో ట్రంక్ కాల్ బుకింగ్ కౌంటర్‌లో కూర్చునేది. నేను కొత్త రిపోర్టర్‌ని. మా పేపర్ మద్రాసులో అచ్చయ్యేది. బషీర్‌బాగ్ నుంచి రోజూ నడిచి వచ్చి, అక్కడి నుంచే డెస్క్‌కు వార్తలు చెప్పేవాణ్ణి.

పీపీ కాల్ అంటే ఏమిటో నాకు చెప్పింది ఆమే.

పీపీ అంటే పర్టిక్యులర్ పర్సన్. మామూలు ట్రంక్ కాల్‌లో, అంటే పై ఊరికి ఆపరేటర్ కలిపే ఫోన్‌లో, అవతల ఎవరు ఎత్తినా మనం డబ్బు కట్టిన మూడు నిమిషాలు మొదలవుతాయి. మనిషిని వెతికి పిలుచుకొచ్చేసరికి అయిపోతాయి. పీపీలో ఫలానా మనిషి కావాలని ముందే పేరు రాయిస్తాం. ఆ మనిషి వచ్చి "నేనే" అన్నాకే టైమ్ మొదలు. అతను లేకపోతే కాల్ లేదు.

అంటే పీపీకి పేరు తప్పనిసరి.

ఒకరోజు నాలుగు దాటాక క్యూలో నా ముందు ఒకామె నిలబడింది. పాతికేళ్ళుంటాయి. నల్లగొండ వైపు పల్లె. భర్తకు బొంబాయి మిల్లులో పని. అత్త ఇక్కడ దవాఖానలో ఉంది. రెండు రోజులకు మించి కష్టమన్నాడు డాక్టర్. ముసలామెకు అతనొక్కడే కొడుకు.

మిల్లు షిఫ్టు ఐదింటికి వదులుతారు. ఆ తర్వాత అతనుండే చోట ఫోన్ లేదు. ఆమె చేతిలో మిల్లు నంబర్ రాసిన చీటీ ఒకటి ఉంది. అంతే.

"తార్ ఇయ్యరాదు?" అన్నారెవరో, టెలిగ్రామ్ సంగతి.

"తార్ వోతే సచ్చిపోయిందనుకుంటడు. అత్తమ్మ మాట్లాడుతుండంగనే రావాలె" అంది.

విమలక్క ఫారం తీసింది. "పేరు చెప్పు చెల్లె."

"మా ఆయన."

"మీ ఆయన పేరు?"

"ఆయనే."

వెనక నుంచి ఒకాయన అందుకున్నాడు. "గా మిల్లుల అందరు ఎవలో ఒగలకు ఆయనే గదా తల్లీ!"

క్యూ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె నవ్వలేదు. భర్త పేరు నోటితో అనకూడదని ఆమెను పెంచారు. గోడ గడియారంలో 4.20. ఆమె చీటీని నలుపుతోంది. పేరు మాత్రం రాలేదు.

విమలక్క తలెత్తి క్యూ వైపు ఒకసారి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"దేవుని పేరా, చెల్లె?"

ఆమె తల ఊపింది.

"రాముడా? కిష్టుడా?"

"గుట్ట మీదుంటడు."

"ఏడుకొండలోడా?"

"గంత దూరం గాదు. మన గుట్టనే."

విమలక్క ఒక పేరు అంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఔ" అంది.

ఆ పేరు ఇక్కడ రాయను. కారణం కింద ఉంది.

పది నిమిషాల్లో బొంబాయి లైన్ దొరికింది. ఆ రోజుల్లో అది అదృష్టమే. కానీ అవతలి ఆపరేటర్ చెప్పిన మాట వేరు. ఆ పేరుతో మిల్లులో ముగ్గురున్నారు. ఎవరు కావాలి?

విమలక్క ఇంటిపేరు అడిగితే, ముగ్గురూ దాయాదులే, ఇంటిపేరు ఒకటేనంది ఆమె.

"పిల్లలున్నరా?"

"బిడ్డ. లక్ష్మి."

విమలక్క ఫారం మీద అతని పేరు పక్కన "ఫాదర్ ఆఫ్ లక్ష్మి" అని ఇంగ్లీషులో రాసింది. సూపర్‌వైజర్ వచ్చి చూశాడు.

"గిదేం పేరమ్మా? రూల్ తెల్వదా?"

"ముగ్గుర్ల గీ లక్ష్మికి నాయిన ఒక్కడే సార్. గంతకన్న పర్టిక్యులర్ ఏముంటది?"

ఆయన ఫారం తిరిగిచ్చి వెళ్ళిపోయాడు.

4.50కి అతను లైన్‌లోకి వచ్చాడు. బూత్ తలుపు సరిగా పడేది కాదు, మాటలు బయటికి వినిపించాయి.

"అత్తమ్మ నిన్నే అడుగుతున్నది... ఔ, మాట్లాడుతున్నది... ఇయ్యాల బండికే ఎక్కు. జర జల్దీ రా."

మూడు నిమిషాల్లో సగం కూడా వాడలేదు.

నాలుగో రోజు ఆమె మళ్ళీ కౌంటర్ దగ్గరికి వచ్చి విమలక్కకు చెప్పి వెళ్ళింది. కొడుకు వచ్చాడు. తల్లి గుర్తుపట్టింది. అతని చేతి నీళ్ళు తాగింది. మర్నాడు పోయింది.

మంచి హాస్యపు ఐటమ్ అవుతుందని నేను అప్పటికే సగం రాసి పెట్టుకున్నాను. విమలక్కకు చూపించాను.

"ఆమె నోటెంట రాని పేరు నువ్వు పేపర్ల అచ్చేస్తవా? మంది నవ్వెటందుకా?" అంది.

కాగితం చింపేశాను.

"మరి నువ్వు మీ ఆయన పేరంటవా అక్కా?" అని అడిగాను, ఏదో ఒకటి అనాలి గనక.

"డ్యూటీల అంట. ఇంట్ల అన."

తర్వాత చాలాసార్లు అడిగాను, ఇప్పుడైనా రాయనా అని. "నేను వొయినంక రాస్కో. పేరు మాత్రం రాయకు" అనేది. మొదటి మాట ప్రకారం ఇది రాశాను. రెండో మాటా తప్పలేదు.

అంతిమయాత్ర ఇవాళ ఉదయం పదకొండింటికి నాంపల్లి ఇంటి నుంచి బయలుదేరుతుంది. చూడాలనుకునేవాళ్ళు పదింటికల్లా రండి.

లక్ష్మి సుల్తాన్ బజార్ నుంచి వస్తోంది. ఫారం మీది ఆ లక్ష్మే; వాళ్ళమ్మ ఆ తర్వాత విమలక్క ఇంటికి రాకపోకలు మానలేదు. ఇప్పుడు డెబ్బై దాటాయి, మెల్లగా నడుస్తుంది. ఆలస్యమైనా ఆమె వచ్చేదాకా ఆగుతామని విమలక్క కూతురు చెప్పింది.

అక్కా, నీ కౌంటర్ ముందు ఇక ఎవరూ క్యూలో లేరు. నిమ్మళంగా పడుకో.