పూజకు పనికిరాని రాయి కోసం గుత్తి దాకా

దొరికాయి! గుత్తి పక్క చేనులో పడిన ఆకాశపు రాయిలో ప్రాణానికి మూలసరుకైన అణువులు మా సుజాతకు దొరికాయి! నిన్న ఫోనులో ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు. మా అమ్మాయి హైదరాబాదులో ఉల్కల మీద పరిశోధన చేస్తుంది. నేను చదివింది ఏడో తరగతి. ఆ రాయి కోసం మేమిద్దరం చేసిన ప్రయాణం, అటువైపు వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

రాయి పడిందని తెలియగానే సుజాత శింగనమలలో మా ఇంటికి వచ్చింది. ముక్కూ మొహం తెలియని పిల్ల ఒక్కతే వెళ్లి అడిగితే ఆ ఊళ్లో ఎవరిస్తారని నేనూ బయలుదేరాను. పొద్దున ఆరున్నర బస్సు ఎక్కితే గంటలోపే అనంతపురం. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని గుత్తి బస్సు పట్టుకున్నాం. ఇంకో గంటన్నర. దారిలో సుజాత చెప్పింది.

"ఈ రాళ్లు మన భూమంత పాతవి నాయనా. ప్రాణం మొదలయ్యేదానికి కావాల్సిన సరుకు ఇట్లాంటివే మోసుకొచ్చినాయేమోనని చూస్తాండాం."

"అంటే పైనుంచి ప్రాణమే వచ్చిందా?"

"ప్రాణం కాదు. ఇల్లు కట్టకముందు ఇటుకలు తోలినట్ల."

గుత్తిలో రానూపోనూ ఆరు వందలకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు మస్తాన్ మాటకారి. "రాయి చూసేదానికా అన్నా? ఆడ జాతరే! అంగట్లో టెంకాయలన్నీ అయిపోయినాయి."

సుజాత ఉలిక్కిపడింది. "టెంకాయలా? రాయికి కొట్టినారా?"

"పైనుంచి దిగొచ్చిన సామిని ఊరికే పెడతారామ్మా?"

నిజమే. ఆ ఊరి రచ్చకట్ట మీద రాయి పాలతో తడిసి, పసుపు కుంకుమలతో మెరిసిపోతోంది. నేను చేతులు జోడించాను. సుజాత కూలబడిపోయింది.

"పాలల్లో, పసుపులో, మన చేతుల్లో ఉండేదీ ఆ సరుకే నాయనా. ఇప్పుడు దాంట్లో ఏం కనిపిచ్చినా పైనుంచి వచ్చిందో పాలల్లో నుంచి వచ్చిందో చెప్పలేను. ఇట్లాంటి రాయి తాజాగా దొరకాలని ఎన్నేండ్లుగా చూస్తాండానో!"

బిడ్డ కళ్లలో నీళ్లు చూసి నా ప్రాణం విలవిల్లాడింది. అంతలో చేను యజమాని గంగమ్మ మజ్జిగ తెచ్చింది. నా వయసు మనిషే.

"ఏమక్కా, ఇదొక్కటేనా పడింది?" అన్నాను.

"రెండు పడినాయప్పా. ఇంగోటి బండకు తగిలి పగిలింది. చేన్లోనే ఉండాది."

"దానికీ పాలు పోసినారా?"

"ఏమప్పా, నీకు తెల్దా? పగిలిన రాయికి ఎవురన్నా పూజ చేస్తారా? ఎవురూ ముట్టనుగూడా లేదు. గొర్రెలు తొక్కకుండా చుట్టూ ముండ్లకంప ఏసినాం, అంతే."

సుజాత లేచి పరుగు. వెనకే నేను, నా వెనక గంగమ్మ! చేన్లో ముండ్లకంప మధ్య బొగ్గులాంటి నల్లటి ముక్కలు. సంతోషంలో చెయ్యి చాచాను.

"నాయనా! ముట్టుకోవద్దు!"

అరుపుకు గొర్రెలు చెదిరిపోయాయి. సుజాత ముఖానికి మాస్కు, చేతులకు గ్లవ్సు వేసుకుని, పట్టకారుతో ఒక్కో ముక్కా తీసి రేకుకాగితంలో చుట్టింది. గంగమ్మ పకపకా నవ్వింది. "మా పూజారికిగూడా ఇంత మడి లేదే!"

"పెద్దమ్మా, ఇది పడినాక వాన పడిందా?"

"వాన యాడిదమ్మా! చినుకే లేదు."

"మంచిదైంది!"

"ఏం బిడ్డప్పా నీది! వాన రాకుంటే మంచిదంట!"

తర్వాత వీఆర్వో వచ్చి చూసి, ముక్కలు తీసుకెళ్లడానికి సరేనన్నాడు. మేము తిరుగు బస్సెక్కాం.

ఆ ముక్కల్లోనే అమైనో ఆమ్లాలు దొరికాయి. భూమ్మీది ప్రాణుల్లో దాదాపు కనిపించని రకాలు కూడా ఉన్నాయట, అందుకే పైనుంచి వచ్చినవేనని నమ్మకం. జీవితమంతా వాన రాలేదని ఆకాశాన్ని తిట్టుకున్నవాణ్ణి నేను. ఆ ఎండే, ఆ ఎండిన నేలే నా బిడ్డ కోసం ఆ ముక్కల్ని చెమ్మ తగలకుండా దాచిపెట్టింది. ఇంకేం కావాలి నాకు! మీ చేనులో ఇలాంటి రాయి పడితే కడగకండి, చేత్తో ముట్టకండి, ముందు రెవెన్యూ ఆఫీసుకు చెప్పండి.

ఇంక ఈ కబురు చెప్పాల్సినవాళ్లు: రాప్తాడులో మా పెద్దక్క. ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో పనిచేసే తోడల్లుడు. తాడిపత్రిలో సుజాత మేనత్త, ఆమె ముగ్గురు కోడళ్లు. కదిరిలో మా చిన్నమామ. ఆయనకు చెవులు వినపడవు, ఫోను పనికిరాదు. నేనే వెళ్లి వీధంతా వినపడేలా చెప్పాలి.