వంకర పోయిన జంపఖానా

మలేషియాలోని సుంగై పెటానిలో నా దోబీ దుకాణానికి రెండు గుమ్మాల అవతల, నాణేలు వేస్తే నడిచే వాషింగ్ మెషీన్ల దుకాణం తెరిచారు. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చేవి రెండే రకాలు: ఆ మెషీన్లు చెడగొట్టినవి, ఆ మెషీన్లలో పట్టనివి. జంపఖానా రెండో రకం.

ఆ వారం వానలకు కాలువ పొంగి వెనక వీధి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అందులో ఒక ఇంట్లో వరంగల్ నుంచి వచ్చిన చిన్న వయసు జంట అద్దెకుంటోంది. అబ్బాయి ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజినీరు. అమ్మాయి నెలల బిడ్డను చంకనేసుకుని ముందు నడుస్తుంటే, అతను నీళ్లు కారుతున్న పెద్ద చుట్టను భుజాన మోసుకొచ్చి నా బల్ల మీద దించాడు. దుకాణమంతా కాలువ వాసన కమ్మేసింది. అమ్మాయి ఏడ్చి వచ్చిందని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ఏటమ్మా ఇది? జముక్కాళమా?" అన్నాను. ఇక్కడ పుట్టి పెరిగిన నాలాంటి వాళ్ల నోట్లో తెలుగు సగం, తమిళం ముప్పాతిక. లెక్క ఎలా సరిపోతుందో నన్నడగకండి.

"జంపఖానా ఆంటీ. మా అమ్మ నేసింది. కరాబయితదా?"

వాళ్లది జంపఖానాలు నేసే ఇల్లట. మొదటి బిడ్డను తొట్లెలో, అంటే ఉయ్యాలలో, వేసే రోజున పరచడానికని తల్లి దీన్ని నేసి పెట్టి, కిందటిసారి ఊరెళ్లినప్పుడు ఇచ్చిందట. ఆ రోజుకే విప్పుదామని ఈ పిల్ల కట్టిన కట్టు విప్పకుండా గదిలో మూలన నిలబెట్టింది. తల్లి పాస్‌పోర్టు రావడం ఆలస్యమై తొట్లె వేడుక కూడా వెనక్కి జరిగింది. ఇప్పుడు ఆదివారం ఆమె వస్తోంది. వచ్చిన రోజే వేడుక.

"ఇంకోటి నేయమంటే సరిపోద్ది కదమ్మా," అన్నాను ఓదార్పుగా.

"మా నాయిన పోయినంక అమ్మ మగ్గం మీద కూసోలేదు ఆంటీ. ఇదే ఆఖరుది."

ఆ మాట విన్నాక దాన్ని ముట్టుకోవడానికే భయమేసింది. పైగా ఇంత పెద్దవి చేత్తో ఉతకడం నేను మానేసి చాలా కాలమైంది. తడిసిన నూలు ఒక్క మనిషికి లొంగదు. ఇవతల కొస నేను పట్టుకుంటే అవతల కొస ఎప్పుడూ మా ఆయన పట్టుకునేవాడు. ఎత్తేటప్పుడు కావాలనే ఒక్క గుంజు గుంజి, నేను ముందుకు తూలితే నవ్వేవాడు. ఆయన పోయాక అవతల కొస పట్టేవాళ్లు లేక, పెద్ద దుప్పట్లు వస్తే వద్దని పంపించేస్తూ వచ్చాను. ఈ పిల్లను పంపించలేకపోయాను.

"బాబూ, నువ్వు రా లోపలికి. అవతల కొస నీదే," అన్నాను ఇంజినీరుతో. అతను ఫోను తీసి, నూలు జంపఖానాను ఎంత వేడి నీళ్లలో ఉతకాలో వెతకడం మొదలుపెట్టాడు. "దాన్ని జేబులో ఎట్టు లా. దానికేటి తెలుస్తాది," అని, ఇక్కడందరూ మాట చివర తగిలించే 'లా'తో సహా కసిరాను. పాపం, వెంటనే ప్యాంటు పైకి మడుచుకున్నాడు.

ముందు తెల్లగుడ్డను ఉప్పునీళ్లలో ముంచి ఎర్ర పట్టీ మీద అదిమి చూశాను. గుడ్డకు బురద అంటింది గాని రంగు అంటలేదు. ఆ రంగు అద్దిన చేతులు ఎవరివో, చల్లగా ఉండాలి! చన్నీళ్లలో ముంచి, మెత్తటి బ్రష్షుతో అడ్డంగా పోయే పేక పోగుల వెంబడే తోముతూ, నీళ్లు మారుస్తూ పోయాను. ఎరుపు, నీలం, తెలుపు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆ నేత చూస్తుంటే నా వంటి అలుపు నాకు తెలియలేదు. మెలిపెట్టి పిండితే పోగులు పాడవుతాయి గనక తువ్వాళ్లలో చుట్టి అదిమాం. ఎత్తేటప్పుడు ఇంజినీరు అల్లుడుగారు తడినేల మీద జారి కూలబడ్డాడు, కాని కొస మాత్రం వదల్లేదు. అప్పుడతని మీద నాకు గురి కుదిరింది.

మేడ మీద రేకుల కింద చెక్కల మీద పరిచి చూద్దును కదా, జంపఖానా వంకర పోయింది. ఎడమ అంచున బయలుదేరిన ఎర్ర పట్టీ, కుడి అంచుకు చేరేసరికి నాలుగు వేళ్ల మందం కిందికి దిగిపోయింది. ఒక్క పట్టీ కాదు, అన్నీ అలాగే. తడిమి చూస్తే కుడి సగం చెక్కలా గట్టిగా ఉంది. ఎడమ సగం వేలు పెడితే దిగబడేంత వదులుగా ఉంది.

నా నీళ్లే దీన్నిలా చేశాయనుకున్నాను. ఇంకేమనుకుంటాను? అంచులు పట్టి లాగాను. ఇటుకలు పెట్టాను, పూలకుండీలు పెట్టాను, చివరికి రుబ్బురోలు పొత్రం కూడా పైకి మోసుకెళ్లి పెట్టాను. పొద్దున్నే బరువులు తీస్తే కాసేపు తిన్నగా ఉండి, తేమ గాలి తగలగానే మళ్లీ తన దారి తాను పట్టింది. మళ్లీ తడిపి మళ్లీ లాగాను. నాకు కోపం వస్తే ఎవర్నో ఒకర్ని తిట్టాలి. ఆ రెండు రోజులూ వానను, ఆరబెట్టడానికి పెట్టిన ఫ్యానును, నాణేల దుకాణాన్ని, ఆ జంపఖానాను కలిపి తిట్టాను.

శనివారం ఆ పిల్ల వచ్చి చూసింది. దీన్ని ఎప్పుడూ విప్పి చూడలేదు గనక, ఉతకడంలోనే ఇలా అయిందని తనూ అనుకుంది.

"తిన్నగ కాదా ఆంటీ? మా అమ్మ ఒక్క పోగు తప్పినా ఊకోదు. ఇట్ల చూస్తే..."

"ఇంకా రాత్రంతా ఉంది కదమ్మా. లాగుతాను," అన్నాను. రాదని నాకప్పటికే తెలుసు.

ఆదివారం దాన్ని నా మోటారు సైకిలు వెనక కట్టుకుని నేనే తీసుకెళ్లాను. ఒకరి చేతికిచ్చి పంపి తప్పుకోవడం నా ఒంటికి పడదు. తల్లి అప్పుడే విమానం దిగి వచ్చింది. చిన్న మనిషి. మనవణ్ణి దించకుండా ఎత్తుకుని కూర్చునుంది. నేను గడపలోనే మొదలుపెట్టాను.

"సెల్లీ, నన్ను మన్నించాల. బురద వొదిలించినాను గాని, నా నీల్లు పడి వంకర పోయింది."

ఆమె బిడ్డను కూతురి చేతికిచ్చి, జంపఖానాను నేల మీద పరిచింది. మోకాళ్ల మీద కూర్చుని కుడి అంచు నుంచి ఎడమకు అరచేయి పెట్టి నెమ్మదిగా నిమురుకుంటూ వెళ్లింది. సగానికి వచ్చాక చెయ్యి ఆగింది.

"దీన్ని గుంజి సాపు చేసిన్రా అక్కా?" అంది తల ఎత్తకుండా.

"సేసినాను తల్లీ. రెండు రోజులు బరువులెట్టినాను. రాలేదు."

"రాదు," అంది. నవ్విందనుకున్నాను. చూస్తే ఏడుస్తోంది. "నీ నీళ్లది గాదు అక్కా. మగ్గం మీదనే గిట్లయింది. పెద్ద జంపఖానా ఒక్కరితోని కాదు, పక్కపక్కన ఇద్దరు కూసోవాలె. గాయన కూసుంటనన్నడు."

కూతురు బిత్తరపోయింది. "ఎవరు? నాయినా? మంచం దిగకపోయేటోడు గద అమ్మా!"

"నీ కడుపు పండితే పరిచేది పరాయోళ్లతోని నేపియ్యనన్నడు బిడ్డా. నీకు చెప్పొద్దన్నడు, ఏడుస్తవని. పంజా లేపితే చెయ్యి వణుకుతుండె. నా దిక్కు గట్టిగ పడుతుండె, గాయన దిక్కు మెల్లగ. పట్టీ వంకరపోతున్నది, ఇప్పుదమయ్యా అన్న. పోనియ్ అన్నడు. గట్లనే ఉంచిన."

పోగులను బిగించి కొట్టే ఆ పంజాను నేనెన్నడూ చూడలేదు, ఆ మనిషినీ చూడలేదు. కాని వణికే చెయ్యి పంజాను ఎత్తడం, దించడం కళ్లకు కట్టినట్టయింది. ఆ చేతి పనినే నేను రెండు రోజులు ఇటుకల కింద అణిచి పెట్టాను. అది లొంగలేదు. నా చేతకానితనానికి నేను ఇంతగా సంతోషించిన రోజు నా బతుకులో లేదు. అవతల కొస నుంచి మా ఆయనే గుంజి పట్టి లాగనివ్వలేదేమో అని కూడా అనిపించింది. దేవుడికి, ఆయనకి, ఆ పిల్లాడు పట్టిన కొసకి, అందరికీ కలిపి ఒకే దండం పెట్టుకున్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "బిడ్డను ఇటియ్యి," అని చేతులు చాపింది. మనవణ్ణి తీసుకుని జంపఖానాకు ఎడమవైపు పడుకోబెట్టింది.

"నడుమ పండబెట్టు అత్తమ్మా, ఫోటో మంచిగ వస్తది," అన్నాడు అల్లుడు.

"నడుమ వద్దు. ఈ దిక్కు మెత్తగుంటది వానికి. తాత కూసున్న దిక్కు."

అల్లుడు ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కూతురు "జరుగు నాయినా," అని కొడుకును కొంచెం పక్కకు జరిపి, ఆ మెత్తటి సగం మీద చెంప ఆనించి తనూ పడుకుంది.