మన్నూబియా గదిలో ఒంటికాలిమీద

ట్యునీషియాలోని మహ్దియా ఊళ్ళో మా సందు ఆడవాళ్ళలో ఎవరు పోయినా స్నానం చేయించి సాగనంపేది మన్నూబియానే. తల్లి దగ్గర నేర్చుకున్న పని. పెళ్ళిళ్ళకు మాత్రం ఆవిడను ఎవరూ పిలవరు. అలాంటిది బతికున్న ముసలివాళ్ళను తన గదికి రమ్మనేసరికి అందరికీ ఒళ్ళు జలదరించింది.

ఆవిడ బాధ ఆవిడది. ఈమధ్య తన చేతుల్లోకి వచ్చేవాళ్ళలో చాలామంది రోగంతో పోయినవాళ్ళు కారు. ఇంట్లో కాలుజారి పడి, తుంటి విరిగి నల్లబడి, ప్రాణం పోయినవాళ్ళు. చూసి చూసి ఆవిడకు ఒళ్ళు మండింది. కుర్చీ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడటం, గోడవారన ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్ళు ఆనిస్తూ నడవటం, చేతులు ఊనకుండా లేవటం నేర్పుతానంది.

మా ఆడపడుచు జకియా అప్పటికే రెండుసార్లు పడింది. మళ్ళీ పడితే ఇక లేవదని నా భయం. బతిమాలి లాక్కెళ్ళాను.

"ముందే నా శవానికి గుడ్డ కొలతలు తీసుకుంటావా ఏంటి?" అంది జకియా గుమ్మంలోనే.

"నీకు కొలత దేనికే, ఎంత గుడ్డ తెచ్చినా చాలదు. లోపలికి రా," అంది మన్నూబియా.

కళ్ళు మూసుకుని ఒంటికాలిమీద నిలబడమంది. జకియా ఊగింది, ఆగింది.

"చెయ్యి తియ్యవే మన్నూబియా, తడిగా ఉంది."

మన్నూబియా కిటికీ దగ్గర టీ పోస్తోంది. నేను గుమ్మంలో ఉన్నాను. జకియా మోచేతి దగ్గర బట్ట తడిసి ఉంది.

"ఎవరది?" అన్నాను.

"నేను నీళ్ళు పోసి పంపినవాళ్ళేలే. పడటమంటే ఏంటో పడి పోయినవాళ్ళకే తెలుసు. పట్టుకోనీ," అంది మన్నూబియా.

ఆ రోజు పారిపోయి వచ్చాం. మర్నాడు నాకంటే ముందు జకియానే చెప్పులేసుకుంది. చలికాలం వెళ్ళేసరికి పళ్ళెం పట్టుకుని మెట్లు దిగుతోంది.

వేసవిలో మన్నూబియా జ్వరంతో పోయింది. ఆవిడకు స్నానం చేయించడానికి ఎవరూ ముందుకు రాలేదు.

"నేను చేయిస్తా," అంటూ జకియా అంగీ చేతులు పైకి మడిచింది. ఆ గదిలో నున్నటి గచ్చు, ఆ నీళ్ళు తలుచుకుని నేనూ వెంట వెళ్ళాను.

గదిలో మేమిద్దరమే. జకియా బకెట్ ఎత్తబోతే నీళ్ళు తొణికాయి, మడమ జారింది. నేను మన్నూబియాను పడుకోబెట్టిన బల్లకు అవతల ఉన్నాను, అందలేదు. వెనక్కి ఒరిగింది, సగంలో ఆగింది, మెల్లగా నిటారుగా నిలబడింది.

"ఈసారి పట్టుకున్న చెయ్యి పొడిగా ఉంది వదినా," అంది మోచెయ్యి తడుముకుని ఏడుస్తూ. "ఆవిడకింకా నీళ్ళు పోయలేదుగా."