గడ్డకట్టిన కోడి జారినంత దూరం

మొన్న మధ్యాహ్నం భోంచేసి టీవీ పెడితే చలిదేశాల ఆటలేవో వస్తున్నాయి. కర్లింగ్ అట. ఒకాయన మంచు నేల మీద మోకాలు వంచి, పిడి ఉన్న గుండ్రాయిని మెల్లగా జారవిడిస్తే, ఇద్దరు దాని ముందు పరుగెత్తుతూ, అత్తగారు చూస్తోందని వాకిలి ఊడ్చే కొత్తకోడళ్ళలా ఆ నేలను తెగ రుద్దేస్తున్నారు. దీనికి పతకాలిస్తే మన ఆడవాళ్ళ మెడలు ఎప్పుడో వంగిపోవాలి అని మా ఆవిడ ఒకటే నవ్వు. నేనూ నవ్వబోయాను గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఆట నేనూ ఆడాను, పేరు తెలియకుండానే, కువైట్‌లో, ఇరాక్ సైన్యం వచ్చిపడిన ఆగస్టులో.

మా నాన్న తమ్ముడు, అంటే మా చిన్నాయన, నన్ను కడప నుంచి తీసుకెళ్ళి అక్కడి షువైఖ్ రేవులో తను పనిచేసే కోల్డ్ స్టోరేజీలోనే పెట్టించాడు. గడ్డకట్టిన కోళ్ళ పెట్టెలు మోయడం మా పని. నడుములు పడిపోకుండా మేమొక ఉపాయం కనిపెట్టుకున్నాం: ఒకడు పెట్టెను ఒక్క తోపు తోస్తే, రెండోవాడు దాని ముందు నేల మీది మంచుపొడిని ఊడ్చుకుంటూ పోయేవాడు, పెట్టె గది ఆ చివరిదాకా నున్నగా జారేది. చిన్నాయన చీపురు పట్టాడంటే పెట్టె ఆయన చెప్పిన చోటే ఆగేది.

సైన్యం రాగానే మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కుటుంబంతో సౌదీకి వెళ్ళిపోయాడు. సైనికులు సరుకంతా లారీల్లో వేసుకుపోగా మూలన పదో పన్నెండో కోళ్ళు మిగిలాయి. కరెంటు పోలేదు గనక గది మాత్రం చల్లగానే ఉండింది. బయట ట్యాంకులు, ఊరికి ఫోను లేదు, ఉత్తరం లేదు. ఆ చలిగది గుమ్మంలో కూర్చొని ఒకరి మొహం ఒకరం చూసుకోవడం తప్ప మా చేతుల్లో ఏమీ లేదు. అలా మూడు వారాలయ్యాక, పక్క గ్యారేజీలో డ్రైవరుగా ఉండే రాయచోటి సాయిబు మనుషులతో నిండిన లారీతో వచ్చి, బస్రా మీదుగా ఊరి దారి పట్టామని, ఇంకొక్కడికే చోటుందని చెప్పాడు.

నా భార్యకు నెలలు నిండుతున్నాయి. చిన్నాయనకు ఇద్దరు ఆడపిల్లలు. నువ్వు పో అంటే నువ్వు పో అని మేం వాదులాడుకుంటుంటే, "యల్లా, బిర్నా తేల్చుకోండప్పా, ఎండకు టైర్లు కరిగిపోతాండాయి" అని సాయిబు విసుక్కున్నాడు. చివరికి చిన్నాయనే పందెం పెట్టాడు: చెరొక కోడిని జారించాలి, చీపురు పట్టకూడదు, ఎవరి కోడి ముందుకు పోతే వాడు లారీ ఎక్కాలి. ఊరు కాలిపోతుంటే ఇద్దరు మీసాలున్న మగాళ్ళు కోళ్ళతో గోలీలాడటం చూసి సాయిబు తల కొట్టుకున్నాడు.

చిన్నాయన కోడి సగం దూరంలోనే చతికిలపడింది. నేను వదిలిన కోడి అంతదూరం కూడా పోయేలా లేదు. నాకు పోవాలనే ఉండింది, దాచుకోవడమెందుకు. అది ఆగబోతుండగా చిన్నాయన చీపురందుకొని దాని ముందు రుద్దుకుంటూ పోయాడు. నా కోడి ఆయన కోడిని దాటి జానెడు ముందుకెళ్ళి ఆగింది.

చీపురు పట్టకూడదంటివి కదా అని నేనన్నాను, గట్టిగా మాత్రం అనలేదు.

"అలవాటు చొప్పున ఊడిస్తినిలేరా. గెలిస్తివి గదా, పో" అన్నాడు.

అలవాటేనని నమ్మడం నాకు అవసరమైంది. నమ్మి లారీ ఎక్కాను.

ఆయన ఇల్లు చేరడానికి మరో రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఎవరు ఎక్కడ చిక్కుకున్నా ఫోనులో మొహం కనిపిస్తుంది. అప్పట్లో వచ్చినవాడు చెప్పిందే కబురు. నువ్వొక్కడివే ఎట్లా వస్తివని చిన్నమ్మ అడిగితే పందెంలో గెలిచానని చెప్పాను. నీ పెండ్లాం చేసుకున్న పుణ్యమని ఆమె నాకు అన్నం పెట్టింది. ఆ రెండు నెలలూ ఆమె గుమ్మంలో కూర్చొని రోడ్డుకేసి చూస్తుంటే నేను ఆ వీధిలో నడవలేకపోయాను. చిన్నాయన వచ్చాక కూడా ఆ సంగతి ఎత్తలేదు, ఎత్తకుండానే పోయాడు. నేను గెలిచాననే చిన్నమ్మ ఇప్పటికీ అనుకుంటోంది.