సూది బాబాయ్ కాలూ, స్ఫటికం మీది అలలూ

ఆ ప్రయోగశాలలో అందరికీ ఆయన సూది బాబాయే. టంగ్‌స్టన్ తీగను క్షారంలో ముంచి, కరెంటు పెట్టి, కొసన ఒకే ఒక్క పరమాణువు మిగిలేలా చెక్కడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. ఆ సూది స్ఫటికాన్ని తాకీ తాకకుండా తిరుగుతూ, పైపొరలో ఎలక్ట్రాన్లు ఎలా ఉన్నాయో వరసవరసగా బొమ్మ గీస్తుంది. ఆ స్ఫటికమూ వింతదే. లోపల కరెంటు పారదు, పైపొరలో మాత్రం పరుగులు పెడుతుంది. యంత్రం నడుస్తుంటే పక్కన స్టూలేసుకుని కూర్చోవడం బాబాయ్‌కి స్వర్గం. కూర్చున్నాక కాలు ఊపడం ఆయనకు తాతల నాటి ఆస్తి.

"ఏమండీ, ఆ కాలు ఆపండి, మంచం ఊగిపోతోంది!" అని ఇంట్లో ఆవిడ మొత్తుకోని రోజు లేదు.

ఆ ఉదయం ప్రయోగం నడిపే మేడమ్ గంతేసినంత పని చేసింది. తెర నిండా చక్కటి చారలు!

"ఎలక్ట్రాన్ల అలలు, బాబాయ్! ఇదిగో, నడిమి పట్టీలో చూడండి, అసలు లేవు. ఇది ఇంకా వింత! మధ్యాహ్నం సభలో అందరికీ చూపించేస్తా."

బాబాయ్ ఆ పట్టీ పక్కనున్న టైం చూశాడు. పదీ ఇరవై నుంచి పదిన్నర. సరిగ్గా తాను టీకి వెళ్లిన టైం. కిందికి చూసుకుంటే కాలు యంత్రం బల్ల కడ్డీ మీద హాయిగా ఊగుతోంది.

చెబితే స్టూలు పోతుంది. చెప్పకపోతే మధ్యాహ్నానికి మేడమ్ పరువు పోతుంది.

"మేడమ్, ఆ అలలు ఎలక్ట్రాన్లవి కావు. నావి."

బాబాయ్ తన కాలు చూపించాడు. మేడమ్ నమ్మలేదు. ఊపమంది, చారలొచ్చాయి. ఆపమంది, పోయాయి. ఆమె ముఖం మాడిపోయింది.

"ముందు బయటికి నడవండి!"

బాబాయ్ స్టూలు చంకనెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. ఏడుపొక్కటే తక్కువ. కాలు ఊపడానికి కూడా మనసు రాలేదు.

గంటకు తలుపు తెరుచుకుంది.

"బాబాయ్, చారలు పోయాక స్ఫటికంలో ఒక పరమాణువు ఊడిన చోటు చుట్టూ సన్నటి అలలు కనబడ్డాయి. ఇవి నిజమైనవి! మీరు చెప్పకపోతే నవ్వులపాలయ్యేదాన్ని." మేడమ్ నసిగింది. "ఆ సంబరంలో సూదిని స్ఫటికానికి గుద్దేశా. ఇంకోటి చెక్కాలి."

బాబాయ్ లేచాడు. "స్టూలు తెచ్చుకోవచ్చా?"

"తెచ్చుకోండి. కాళ్లు మాత్రం ఇక్కడే వదిలేసి రండి."

ఆ రోజంతా ఆయన స్టూలు మీద బాసింపట్టు వేసుకునే కూర్చున్నాడు. సాయంత్రం సంగతంతా విని, ఇంట్లో ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

"ముప్పై ఏళ్లు నేను మొత్తుకుంటే ఆగని కాలు, కంటికి కనబడని ఎలక్ట్రాన్ కోసం ఆగిందా!"