సన్యాసమ్మ పాటకి ఎనిమిది పెట్టెలు

జాలారిపేటలో గవర్రాజు మైకు మోగకపోతే పెళ్లి పెళ్లిలా ఉండేది కాదు. తొంభైల్లో అతని దగ్గర ఒక పాత ఆంప్లిఫయరూ, కొన్ని హారన్లూ ఉండేవి. మెషీను మీద బరువు పడకుండా ఒక్కో హారను వెనక ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు. సందు పొడుగునా ఒకే వైరు లాగి, ఎక్కడ కావాలంటే అక్కడ హారను తగిలించేవాడు. మరొకటి తెచ్చి తగిలించినా ఆ ముసలి మెషీను కిక్కురుమనేది కాదు. ఆ అలవాటే అతని కొంప ముంచిందని ఇప్పుడు చెప్పడం తేలికే.

గంగమ్మ పండగనాడు ఒడ్డున నిలబడి పాట పాడేది అతని తల్లి సన్యాసమ్మ. ఆ రోజు ఎవరూ చేపల వేటకి వెళ్లరు. అలంకరించిన బోట్లు అలలు దాటి వరసగా ఆగి, అమ్మవారి పాట చివరిదాకా విని, అప్పుడు రేవు వైపు తిరిగిపోతాయి. పాట ఎత్తుకున్నాక మధ్యలో ఆపకూడదు, పాడే మనిషిని ముట్టుకోకూడదు. సన్యాసమ్మ కళ్లు మూసుకుని పాడేది. వయసులో ఉన్నప్పుడు ఆవిడకి మైకెందుకు? రానురాను గొంతు సన్నబడింది, చెవులైతే దాదాపు పోయాయి.

రెండు వేల మూడులో పండగ ముందు ఊరిపెద్ద అప్పలసూరి మొహమాటం లేకుండా చెప్పేశాడు. "బావా, బోట్లోళ్లకి మీయమ్మ పాట ఇనబడ్డం నేదు. ఈ ఏడు ఇనబడితే సరి. నేకపోతే వచ్చే ఏడు టేపురికార్డర్లో కేసెట్టే."

ఆ మాట తల్లి దగ్గర ఎత్తలేకపోయాడు గవర్రాజు. ఎలా ఎత్తుతాడు? ఆవిడ ఏడాదంతా ఎదురుచూసేది ఆ ఒక్క పాట కోసమే. పాత సామానంతా వదిలించుకుని, ద్వారకా నగర్‌లో తిరుమలరావు కొట్టుకెళ్లి, ఆంప్లిఫయరు లోపలే ఉన్న మిక్సరూ, నాలుగు స్పీకరు పెట్టెలూ తెచ్చుకున్నాడు.

తిరుమలరావు చెప్పనే చెప్పాడు. "ఒక్కో పెట్టె ఎనిమిది ఓములు, గవర్రాజూ. మిక్సరుకి కుడి, ఎడమ ఏ పక్కా నాలుగు ఓములకి తగ్గకూడదు. జాగ్రత్త."

తగ్గకూడదు, అంతేగా! పక్కకి రెండు పెట్టెలు ఏమూలకనిపించి, ఉక్కునగరంలో ఫంక్షన్లకి మైకు సెట్టు వేసే దుర్గారావు దగ్గర మరో నాలుగు అడిగి తెచ్చాడు. పక్కకి నాలుగు. ఎనిమిదీ ఎనిమిదీ పదహారు, ఇంకో పదహారు, ముప్పై రెండు. నాలుగెక్కడ, ముప్పై రెండెక్కడ! నిశ్చింతగా, హారన్లు తగిలించినట్టే, ఏ పక్క నాలుగింటినీ ఆ పక్క ఒకే వైరుకి కలిపేశాడు. అలా కలిపితే ఓములు, అంటే కరెంటుకి ఉండే అడ్డు, పెరగవు, తరిగిపోతాయి. ఒకే కుళాయికి నలుగురు నోళ్లు పెట్టినట్టు, పెట్టె పెరిగినకొద్దీ మిక్సరు మీద లాగుడు పెరుగుతుంది. పక్కకి రెండే ఓములు మిగిలాయి. పొద్దున చిన్నగా మోగించి చూస్తే మాత్రం బ్రహ్మాండంగా మోగింది.

సాయంత్రం సన్యాసమ్మ పసుపు చీర కట్టుకుని వచ్చింది. పెట్టెల వరస చూసి, "ఏట్రా, ఇయ్యన్నీ నాకేటి?" అని మురిసిపోయింది. మైకు పట్టుకుని, కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. గవర్రాజు సౌండు పెంచాడు. ఆ సన్నని గొంతు నీళ్ల మీదుగా సాగిపోయింది. బోట్లలో జనం లేచి నిలబడ్డారు. అతని గుండె ఉప్పొంగింది.

రెండో చరణంలో పెట్టెలు టక్కుమన్నాయి. కాలిన వాసన వచ్చింది. మిక్సరు లైటు ఆరిపోయింది.

గవర్రాజు స్విచ్చు నొక్కాడు, పెట్టెలు ఊడదీశాడు, మళ్లీ నొక్కాడు. మిక్సరు మీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది. తల్లి పాడుతూనే ఉంది. ఆవిడకేం తెలుస్తుంది పాపం? జనం గోలలో ఆ పాట నాలుగడుగులు కూడా దాటడం లేదు. ఆపకూడదు, ముట్టుకోకూడదు. అతనికి ఏడుపొచ్చింది.

బోట్లవాళ్లు కాసేపు ఇటే చూశారు. పాట అయిపోయిందనుకున్నారు కాబోలు, ఒక్కో బోటే రేవు వైపు తిరిగింది. ఆగమని గవర్రాజు రెండు చేతులూ ఊపాడు. వాళ్లూ సంబరంగా ఊపారు.

అప్పలసూరి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఏటి సేత్తాం బావా. వచ్చే ఏడు కేసెట్టే ఎట్టీద్దాం."

అప్పటికి పాట ముగిసింది. సన్యాసమ్మ కళ్లు తెరిచి, వెళ్లిపోతున్న బోట్లు చూసింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"ఇన్నార్రా! పాటంతా ఇని మరీ తిరిగినారు. సూడు, ఆ సివరి బోటు కూడా!" అంటూ మైకు కొడుకు చేతిలో పెట్టింది. "వచ్చే ఏడు కూడా నాకిదే ఎట్టరా నాయనా. మరేటీ వొద్దు."