ఉంగరం గుంట ఉన్న చెక్క

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో దిగింది 2022 ఆగస్టులో, ఉదయం ఆరున్నరకు. కంపెనీ బస్సు తలుపు తీయగానే వేడి మొహాన కొట్టింది. పదిహేడేళ్లు ఫౌజులో ఆర్మరర్‌ని, అంటే తుపాకులు బాగుచేసేవాణ్ణి. రాజస్థాన్ ఎండలు చూసినవాణ్ణి, దుబాయ్ ఎండ నన్నేం చేస్తుందని జగిత్యాలలో కోతలు కోసి వచ్చాను. ఇక్కడ సముద్రపు ఉక్క తోడైంది. పది నిమిషాల్లో చొక్కా తడిసి ముద్దయింది.

నా పోస్టు లైసెన్సున్న వేట తుపాకుల వర్క్‌షాపు. కిటికీ లేని గది, ఏసీ, ఒక బల్ల, ఒక వాకీటాకీ. అవతలి కొసన నెల్లూరు స్టోర్ కీపర్ భాయ్. నా ఫౌజు పద్ధతి ఆయనకు వేళాకోళం.

"స్టోర్, స్టోర్, బెంచ్ మాట్లాడుతున్న. చిన్న స్క్రూడ్రైవర్ గావాలె. ఓవర్."

"ఓవరూ లేదు గీవరూ లేదబ్బా. పదడుగులు నడిచొచ్చి అడగొచ్చు గదా!"

మూడో వారం, మంగళవారం, ఒక సెమీ ఆటోమేటిక్ వేట రైఫిల్ శుభ్రం చేయడానికి వచ్చింది. యజమాని ఒక ముసలి అర్బాబ్, అంటే అరబ్బు ఆసామి. రైఫిల్ చనిపోయిన ఆయన అన్నగారిది. గొట్టం కింద, ఎడమచేత్తో పట్టుకునే ముందు చెక్క మీద చింతగింజంత గుంట ఉంది. ఏళ్ల తరబడి వేటల్లో ఆ అన్న ఉంగరం రాసుకుని పడిన గుంట అది.

శుభ్రం చేసి, చెక్కకు నూనె రుద్ది, దాని మర బిగించాను. కదలనంతవరకు బిగించి, ఆపైన ఇంకో పావు చుట్టు తిప్పమని మా ఉస్తాద్ నేర్పాడు. ఫౌజు రైఫిల్ మొద్దు చెక్క దాన్ని ఓర్చుకునేది. ఏసీలో ఎండిన ఈ పల్చటి చెక్క ఓర్చుకోలేదు. పదకొండూ పదికి టిక్కుమంది. గుంట పక్కనే, వేలెడు పొడవున పగులు.

ఎవరూ చూడలేదు. పగులు ముందే ఉందని చెప్పేద్దామనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఫౌజులో ఏది విరిగినా సాయంత్రం హాజరు లోపే చెప్పుకోవాలి. వెళ్లి మా ముదీర్‌కు, అంటే హైదరాబాదీ మేనేజరుకు, చెప్పాను.

"గురువారం నాలుగింటికి అర్బాబ్ వస్తడు. కొత్త చెక్క ఆయనకొద్దు, వాళ్లన్న పట్టుకున్నదే గావాలె. ఠీక్ చెయ్. లేకుంటే నీ నౌకరీ ఖలాస్."

ఆ రోజే జిగురు పెట్టి కట్టాను. బుధవారం ఉదయం విప్పితే పగులు నోరు తెరుచుకునే ఉంది. వాకీటాకీలో భాయ్‌ను పిలిచాను.

భాయ్ వచ్చి చెక్కను వాసన చూశాడు. ఆయన తండ్రి వడ్రంగి.

"నూనె తాగిన చెక్కకి జిగురు యాడ అంటుద్దబ్బా? ముందు నూనె లాగు."

ఆ నూనె రుద్దింది నేనే. నన్ను నేనే తిట్టుకున్నాను. భాయ్ ఇచ్చిన థిన్నర్‌తో తుడిచి, పగులు మీద సుద్దపొడి అద్దాను. పొడి నూనె పీల్చి పచ్చబడింది. నాలుగోసారికి తెల్లగా నిలిచింది. దారంతో జిగురును పగులు లోపలికి లాగి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి చుట్టాను. అప్పుడు బుధవారం మధ్యాహ్నం రెండు.

గురువారం రెండింటికి విప్పాను. గట్టిగా పట్టింది. చెక్క లోపల, ఇనుముకు తగిలేచోట, కాగితం దూరేంత సందు గీకాను. గరుకు కాగితాన్ని గుంటకు తాకనివ్వలేదు. ఈసారి రెండువేళ్ల బలంతోనే బిగించాను. మూడింటికి పక్కనున్న రేంజ్‌లో పది గుండ్లు కాల్చాను. ప్రతి గుండుకూ చెక్క అదిరింది.

"బెంచ్, ఏమైందబ్బా?" వాకీటాకీలో భాయ్ గొంతు. ఆగి, తనే అన్నాడు, "ఓవర్."

"పగులు తెరుచుకోలే భాయ్!"

స్టూలు మీద కూలబడ్డాను. మూడు రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

నాలుగింటికి అర్బాబ్ వచ్చాడు. తప్పు నాదేనని చెప్పాను, ముదీర్ దాన్ని అరబ్బీలో చెప్పాడు. ముసలాయన చెయ్యి చాపాడు. ఖాళీ రైఫిల్ అందుకుని, ఎడమచెయ్యి చెక్క కింద పెట్టి, కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచి "జైన్" అన్నాడు. బాగుందని. నా నౌకరీ నిలిచింది.

కాంట్రాక్టు రెండేళ్లూ పూర్తి చేసుకుని ఇంటికొచ్చాను. దుబాయ్‌లో ఏం చూశావని ఊళ్లో అడుగుతుంటారు. ఎత్తు మేడల గురించి చెబుతాను, వాళ్లకు కావలసింది అదే కాబట్టి. నా కళ్ల ముందు మాత్రం ఆ ముసలాయన ఉంగరపు వేలు ఉంటుంది. అది నేను అతికిన గీత మీదుగా ఆగకుండా జారి, వాళ్లన్న గుంట దొరికాక అక్కడే ఉండిపోయింది.